చెప్పుల కాపలా పేరిందేవి

అనగనగా పేరిందేవి అని ఒకావిడ ఉండేదమ్మలూ. యాభై రెండేళ్ళు. ఇంటిల్లిపాదీ తిని లేచాక గిన్నె అడుగున ఏం మిగిలితే అది తినేది. కాళ్ళకి చెప్పుల్లేవు. వంటింట్లో తిరిగేదానికి చెప్పులెందుకని మొగుడి సిద్ధాంతం.

ఆవిడకి ఒకటే కోరిక, ఓడ చూడాలని. వీధంత పొడుగు ఇనుము నీళ్ళమీద తేలుతూ పోతుందని చిన్నప్పుడు వాళ్ళ నాన్న చెప్పాడట. అది నిజమో, పిల్లని నిద్రపుచ్చే మాటో తేల్చుకోవాలని.

ఒక ఎండాకాలం అందరూ వ్యానులో రేవు పట్నం బయల్దేరారు. మొగుడు జగన్నాయకులు, మరిది, తోటికోడలు కాసులమ్మ, పిల్లలు. పేరిందేవిని కూడా తీసుకెళ్ళారు. లేకపోతే పులిహోర ఎవరు కలుపుతారు?

మొదటిరోజు సముద్రం. సరుగుడు తోపులో చెప్పులు విడిచి, కాస్త చూస్తూండు వదినా అని మరిది, వెనకే మిగతావాళ్ళూ నీళ్ళల్లోకి పరిగెత్తారు. ఆవిడ చెప్పుల పక్కన కూచుంది. అలల చప్పుడు వినబడింది గానీ అలలు కనబడలేదు. వాళ్ళు తిరిగొచ్చి, ఎండ ముదిరింది పదమన్నారు.

రెండోరోజు దీపస్తంభం. పైకెక్కితే ఓడలు కనిపిస్తాయట. నేనూ ఎక్కుతానని పేరిందేవి నోరు తెరిచి అడిగింది. నీ మోకాళ్ళకి మెట్లేమిటే అని జగన్నాయకులు నవ్వాడు. ఇంటికి నూతి నీళ్ళు మోసేవి ఆ మోకాళ్ళే. ఆవిడ ఒళ్ళో సంచులు పెట్టి అందరూ ఎక్కేశారు.

మూడోరోజు కొండమీది తోట. పూర్వం ఒక ఓడల వర్తకుడు దేశదేశాల మొక్కలు తెప్పించి వేశాడట. పచ్చికమీద చెప్పులతో నడవకూడదని అక్కడి నియమం. ఇంకేం, గేటు దగ్గర చెప్పులు, చెప్పుల పక్కన పేరిందేవి.

అప్పుడు రేవులో ఓడ కూత వేసింది.

ఆవిడ లేచింది. చెప్పుల వంక చూసింది. అవేమీ అనలేదు. లోపలికి నడిచింది.

తోట చివర విసనకర్రలా ఆకులు విప్పుకున్న చెట్టొకటి ఉంది. ఏ దేశానిదో, దాని జాతిది అక్కడ ఇంకోటి లేదు. పేరిందేవి దాని కింద నిలబడి చూసింది. నిజమే. నాన్న అబద్ధం చెప్పలేదు. వీధంత ఓడ నెమ్మదిగా రేవు దాటుతోంది.

వెనకాల గేటు దగ్గర వ్యాను మోత వినిపించింది. తిరిగి చూస్తే, మనవాళ్ళు చెప్పులేసుకుంటున్నారు. ఒక్క జతా పోలేదు, ఒక్క జతా మిగల్లేదు. అంటే అందరూ వచ్చేసినట్టే కదా. వ్యాను కదిలింది.

పిలవలేదా అంటావా? పిలిస్తే ఆగేవారే. కానీ అటు తిరిగి కేకేస్తే ఇటు ఓడ వెళ్ళిపోతుంది. ఆవిడ ఓడవైపే తిరిగింది. అది చుక్కంత అయి, ఆ చుక్క కూడా పోయేదాకా నిలబడింది. ఆ తర్వాత చూడ్డానికేమీ లేదు, చెప్పడానికెవరూ లేరు. చెట్టుకి వీపు ఆనించి కూచుంది.

బసలో జగన్నాయకులు కాళ్ళు కడుక్కుని పీటమీద కూచుని, వడ్డించవే అన్నాడు. ఎవరూ పలకలేదు. అప్పుడు గుర్తొచ్చింది.

పొద్దు వాలుతూండగా రొప్పుకుంటూ వచ్చాడు. "చెప్పులొదిలేసి ఎక్కడికి పోయావే? ఎవడైనా ఎత్తుకుపోతే?"

"ఎత్తుకుపోలేదుగా," అంది పేరిందేవి. "మీరు నన్నూ ఎత్తుకుపోలేదు."

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. ఆవిడ ఎవరితోనూ చెప్పకుండా ఒక్కతే బస్సెక్కింది. రేవు బజార్లో చెప్పులు కొనుక్కుంది. తోట గేటు దగ్గర విడిచి, కాపలా ఎవర్నీ పెట్టకుండా లోపలికెళ్ళి, చీకటి పడేదాకా ఓడలు చూసింది. తిరిగొచ్చేసరికి చెప్పులు పోయాయి. ఇంకో జత కొనుక్కుంది.

కథేమో కంచికి, చెప్పులేమో దొంగకి, నువ్వేమో నిద్రకి.