చుక్కానమ్మకు చీర కట్టని రేవు

ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట, సరుగుడు తోపు దాటగానే, పెంకుల కప్పుతో ఒక చిన్న గుడి కనిపిస్తుంది. అదే చుక్కానమ్మ తల్లి సన్నిధి. లోపల విగ్రహం ఉండదు. నిలువెత్తు పడవ చుక్కాని ఒకటి ఇసుకలో పాతి ఉంటుంది. దాని నడుమ పొడవునా ఒక చీలిక, చీలికకు అటూ ఇటూ రెండు తుమ్మ చెక్కలు, వాటిని బిగించిన ఇనుప పట్టీలు. అమ్మవారికి పసుపు రాసి బొట్టు పెడతారు తప్ప చీర గాని, రవికె గుడ్డ గాని, ముడుపు గాని కట్టరు. భక్తులు తెచ్చిన చీరలను పూజారి గుమ్మం దగ్గరే ఆపేస్తారు. అందుకు ఆయన మీద అలిగేవారు ఏటా ఉంటూనే ఉన్నారు. అలిగే ముందు ఈ కథ చదవవలసిందిగా మనవి.

పూర్వం ఇక్కడ, గాలి తప్ప పడవకు వేరే బలం లేని కాలంలో, పేర్రాజు అనే బెస్త ఉండేవాడు. తండ్రి నడిపిన చిన్న తెరచాప పడవే అతని ఆస్తి. తెరచాప అతుకులతోనే అయినా గాలి పట్టేది గాని, చుక్కాని బాగా ముసలిదైపోయింది. నడిమి చెక్క బీట తీసింది. పడవకు తగిలించే కొక్కేలు అరిగి వదులయ్యాయి.

అతని భార్య వీరాయమ్మ రోజూ చేపల గంప పట్టుకుని రేవుకు వచ్చేది. పడవ ఇంకా ఏటి మలుపులో ఉండగానే చుక్కాని చేసే కటకట ఆమె చెవిన పడేది. బాగు చేయించమని ఆమె ఏడాది పొడవునా చెప్పింది. పేర్రాజు వినని మనిషి కాదు, అదే తంటా. చెప్పినప్పుడల్లా శ్రద్ధగా విని, తలూపి, గంగమ్మకు ఒక మొక్కు మొక్కి, పసుపు గుడ్డలో పిడికెడు బియ్యం మూటగట్టి చుక్కానికి గట్టిగా చుట్టేవాడు. కొత్త గుడ్డ బిగువుకు ఊగడం రెండు రోజులు తగ్గేది. ఇంకేముంది, అమ్మ కరుణించిందని రేవంతా చెప్పుకు తిరిగేవాడు. అది గుడ్డ బిగువేనని వీరాయమ్మ అంటే, అమ్మ మహిమను శంకిస్తావా అని అందరూ ఆమెనే మందలించేవారు. కట్టిన ముడుపు విప్పడం మహాపాపమని కూడా ఇక్కడ నమ్మకం. అందువల్ల గుడ్డలు ఒకదాని మీద ఒకటి పెరగడమే గాని తరగడం లేదు. ఏడాది తిరిగేసరికి చుక్కాని ఊరగాయ జాడీకి వాసెన కట్టినట్టు తయారైంది. లోపల చెక్క ఎలా ఉందో చూసే వీలు ఎవరికీ లేకపోయింది.

ఆశ్వయుజం వచ్చింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి లోతు నీళ్ళకు వేటకు పోయే కాలం, తుపాను గాలులూ లేచే కాలం. కిందటేడు ఆ మొగ దగ్గరే వీరాయమ్మ అన్న పడవ అడ్డం తిరిగి, మనిషి దక్కలేదు. ఆమెకు భర్త మీద విసుగు ఎంత ఉందో ప్రాణమూ అంతే ఉంది. ఈ ముసలి చుక్కానితో అతను మొగ దాటితే తిరిగి రాడని ఆమెకు తోచింది. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టిందే గాని ఫలితం లేదు.

ఒకనాటి మధ్యాహ్నం వల బాగుచేస్తూ ఆమె పడవ నీడలో కునుకు తీసింది. కలలో ఒక పెద్ద ముత్తైదువ తడి చీరతో నీళ్ళలోంచి నడిచి వచ్చి ఎదురుగా చతికిలబడింది. ఆ ముఖంలో ప్రసన్నత ఏమాత్రం లేదు.

"నీ మొగుడికి మూడుసార్లు కల్లోకొచ్చి చెప్పానే, చుక్కాని బాగుచేయించుకోరా అని. లేచినప్పుడల్లా నాకో కోడిపుంజుని మొక్కుకుంటన్నాడు. నేనింకేం చేసేది?"

వీరాయమ్మకు భయం వేయలేదు. తనలాగే విసిగిపోయిన వారు మరొకరు ఉన్నందుకు ఏడుపు వచ్చింది. ఏం చేయమంటావు తల్లీ అని అడిగింది.

"ఆ గుడ్డలిప్పు. పాపమేదన్నా ఉంటే నాది," అని ఆ తల్లి లేచి వెళ్ళిపోయింది.

మర్నాటి ఉదయం రేవులో అందరి ఎదుటా వీరాయమ్మ కల సంగతి చెప్పింది. పేర్రాజు ఎప్పటిలాగే శ్రద్ధగా విని, అమ్మ పట్టుగుడ్డ అడుగుతోంది కాబోలు అన్నాడు. ఆమె కొడవలి తీసుకుని ముడులు కోయసాగింది. మగవాళ్ళు కేకలు వేశారు, ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. ఇరవై మూడు గుడ్డలు విప్పాక, చివరి దానితో పాటు చెక్క కూడా పొరలు పొరలుగా ఊడి వచ్చింది. నానిన గుడ్డలు, పులిసిన బియ్యం ఏడాదిగా ఎండ తగలనీయక దాన్ని కుళ్ళబెట్టాయి. చీలికలో ఆమె వేలు రెండో కణుపు దాకా దిగింది. పేర్రాజు ఇసుకలో కూలబడ్డాడు.

పడవలు కట్టే బ్రహ్మలింగాచారిని పిలిపించారు. ఆయన చుక్కానిని ఊడదీసి పది రోజులు నీడన ఆరబెట్టమన్నాడు. మూడోనాడే పేర్రాజు, ఈ ఒక్కసారికి అలాగే వెళ్ళివస్తానని మొదలుపెట్టాడు. వీరాయమ్మ వెళ్ళి ఆ చుక్కాని మీదే కూర్చుంది. ఆరిన తర్వాత ఆచారి కుళ్ళంతా చెక్కివేశాడు. నూనెలో కాచిన గుగ్గిలం, కొబ్బరి పీచు చీలికలో దట్టించి, రెండు వైపులా తుమ్మ చెక్కలు వేసి, అటు నుంచి ఇటు దాకా మేకులు దిగ్గొట్టి మొనలు వంచాడు. పైన ఇనుప పట్టీలు బిగించి, కొక్కేలు కొత్తవి వేశాడు.

పేర్రాజు మొగ దాటిన మూడో రోజున గాలి తిరిగింది. వీరాయమ్మ ఒడ్డున నిలబడింది. అలవాటు చొప్పున మొక్కబోయి, చేతులు దించేసుకుంది. మొగ దగ్గర పడవ అడ్డం తిరిగింది. ఆమెకు అన్న గుర్తొచ్చాడు. పేర్రాజు చుక్కాని పిడిని ఛాతీకి అదుముకుని మొత్తం బరువు దాని మీద వేశాడు. బాగుచేయక ముందైతే ఆ చుక్కాని అక్కడే రెండు ముక్కలయ్యేది. ఇప్పుడు నిలిచింది. పడవ నెమ్మదిగా ముక్కు తిప్పుకుని ఏట్లోకి వచ్చింది.

ఒడ్డున దిగగానే పేర్రాజు చేసిన మొదటి పని, చుక్కానికి కట్టడానికి తలగుడ్డ విప్పడం. వీరాయమ్మ ఆ గుడ్డ లాక్కుని అతని తల తుడిచింది. ఏడుస్తూనే అడిగింది.

"అమ్మ చెప్పింది, నేనిప్పాను, ఆచారిగారు బిగించారు, నువ్వు పట్టుకున్నావు. ఇందులో గుడ్డకేం పని?"

ఆ దంపతుల కాలం తీరి, పడవ శిథిలమయ్యాక, రేవువాళ్ళు ఆ చుక్కానిని ఇక్కడ నిలిపి చుక్కానమ్మగా కొలుస్తున్నారు. నేటికీ ఈ రేవులో వేటకు వెళ్ళే పడవ దగ్గరకు ఇంటి ఇల్లాలు వచ్చి, చుక్కానిని రెండు చేతులా పట్టి ఊపి చూస్తుంది. కదలకపోతేనే సద్దిమూట అందిస్తుంది. కదిలితే మూటతో సహా ఇంటికి మళ్ళుతుంది, మగవాడు ఎంత గొణిగినా సరే. అలా ఊపి చూసి పంపిన మనిషిని అమ్మ తిరిగి ఇంటికి చేరుస్తుందని నమ్మకం. పడవలు లేని భక్తులు తమ ఇంట బాగుచేయవలసినది ఏదైనా బాగుచేసుకుని వచ్చి దర్శించుకుంటే సత్ఫలితం కలుగుతుంది.

అమ్మవారికి గుడ్డలు కట్టరాదని గుమ్మం పక్కన పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించాము. ఆ బోర్డుకే ఎవరో ఒకరు పసుపు గుడ్డ కట్టిపోతున్నారు. ఈ ఉదయం కూడా విప్పాము.