గున్నకు ఒక దెబ్బ

నవనీత చేసిన రోబో ఏ పోటీలోనూ రెండో ఆట దాటలేదు.

దాని పేరు గున్న. ఏనుగుపిల్లలా పొట్టిగా, బరువుగా ఉంటుందని ఆమె జట్టులో ఉన్న స్నేహితుడు జోసెఫ్ పెట్టిన పేరు. ముందు భాగంలో లావుపాటి ఇనుప డ్రమ్ము, దాని మీద రెండు పళ్ళు. డ్రమ్ము తిరగడం మొదలైతే పైకప్పు రేకులు వణికేవి. పోటీలో గట్టి పారదర్శకపు గోడల మధ్య రెండు రోబోలను వదులుతారు. నడిపేవాళ్ళు గోడ బయట రిమోట్ పట్టుకుని నిలబడతారు. కదలకుండా పడిపోయినది ఓడినట్టు.

గున్న ఎప్పుడూ దర్జాగా బరిలోకి వెళ్ళేది. నలుగురు మోసుకొస్తే బయటికి వచ్చేది.

ఒకసారి బ్యాటరీ పెట్టె ఊడింది. ఇంకోసారి చక్రం ఇరుసు విరిగింది. ఆపైన ఒక వైరు ఊడిపోయి మొత్తం చచ్చిపోయింది. విరిగిన ప్రతిచోటునూ నవనీత ఇంటికొచ్చి రెట్టింపు గట్టిగా చేసేది. తర్వాతి పోటీలో గున్న మరో చోట విరిగేది.

ఆమెకు ఈ పని ఎవరూ నేర్పలేదు. ఫోనులో వీడియోలు చూసి, చేతులు కాల్చుకుని వెల్డింగ్ నేర్చుకుంది. పగలు జిరాక్స్ షాపులో ఉద్యోగం, సాయంత్రం ఇనుము. పడుకుంటే కళ్ళ ముందు బోల్టులు తిరిగేవి. లేచి కూర్చుని మళ్ళీ బొమ్మలు గీసేది. నిద్ర అనేది ఇతరులకు ఉండే అలవాటు అనుకునే దాకా వచ్చింది.

హైదరాబాదు కాటేదాన్‌లో దస్తగిరి ఉస్తాద్ షెడ్డు ఉందని ఎవరో చెబితే, జోసెఫ్‌ని వెంటబెట్టుకుని, గున్నను ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్ళింది.

ఉస్తాద్ లారీ బాడీలు కట్టేవాడు. ఒకప్పుడు పోటీ రోబోలు కూడా చేశాడు. ఆయనవి గెలిచినా ఓడినా, బరిలోంచి తమ చక్రాల మీద తామే బయటికి వచ్చేవని చెప్పుకుంటారు. ఇప్పుడు చేయడం మానేశాడు. వచ్చినవాళ్ళకు షెడ్డులో ఒక మూల ఇస్తాడు. పాఠం చెప్పమంటే చీపురు చేతికిస్తాడు.

నవనీత మొదటి రోజే అడిగింది. "ఎంత గట్టిగా చేసినా ఎందుకు ఇరుగుతది ఉస్తాద్?"

"ఇరిగే ముందు నీకు ఎరుక లేకుండెనా?"

"నాకెట్ల ఎరుక ఉంటది?"

"అట్లనా," అన్నాడాయన. చీపురు ఇచ్చాడు.

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉంది. రోబో పోటీకి బయలుదేరే రోజు దాన్ని చేసినవాళ్ళే, ఉస్తాద్ దగ్గరున్న పెద్ద సుత్తితో దాని మీద ఒక దెబ్బ కొట్టాలి. నిలబడితే ఉస్తాద్ "పో" అంటాడు. అంతవరకు అది గడప దాటకూడదు. పిల్లలందరూ ముందున్న మందపాటి ప్లేటు మీదే కొడతారు. ఖణేల్‌మంటుంది, చప్పట్లు కొడతారు, ఫోటో దిగుతారు, కొబ్బరికాయ కొడతారు. ఉస్తాద్ కూడా పెద్దగా పట్టించుకోకుండా "పో" అనేస్తాడు.

చెన్నై పోటీకి ఆ సాయంత్రమే వ్యాన్ వస్తుంది. షెడ్డులోని ఇంకో జట్టు వాళ్ళ రోబో అప్పటికే పెట్టెలో ఉంది. మే నెల ఎండకు రేకులు కాలిపోతున్నాయి. నవనీత కళ్ళు కారం కొట్టినట్టు ఎర్రగా ఉన్నాయి. గున్నకు కొత్తగా నారింజ రంగు వేసింది. ఆరిందా లేదా అని వేలితో మాటిమాటికీ ముట్టుకుంటోంది.

"పెండ్లిపిల్ల లెక్క చేసినవే దీన్ని," అన్నాడు జోసెఫ్. "నువ్వు మాత్రం పెండ్లికి వంట చేసినదాని లెక్క ఉన్నవ్."

"నోరు మూసుకుని కొబ్బరికాయ తేపో."

ఉస్తాద్ మంచం మీది నుంచి లేచాడు. గున్న దగ్గరికి వచ్చి కాసేపు చూశాడు.

"ఇప్పుడైనా చెప్పు ఉస్తాద్," అంది నవనీత. "ఈసారి ఏడ ఇరుగుతది?"

"నాకేం తెల్సు బిడ్డా. వేలాడదియ్యి, చూద్దాం."

ఉస్తాద్ అలా ఎవరినీ ఎప్పుడూ అడగలేదు. జోసెఫ్ చైన్ పుల్లీ లాగాడు. నాలుగు మూలలకు కొక్కేలు తగిలించుకుని గున్న నేల వదిలి నడుమెత్తు లేచి, మెల్లగా ఊగుతూ ఆగింది.

ఉస్తాద్ సుత్తి ఆమె చేతికిచ్చాడు. "కొట్టు."

ముందు ప్లేటు మీద కొట్టింది. ఖంగుమంది. జోసెఫ్ చప్పట్లు కొట్టి ఫోను జేబులోంచి తీశాడు.

ఉస్తాద్ "పో" అనలేదు. ఒక వేలితో గున్నను కొద్దిగా తిప్పాడు. కుడి పక్క ఆమె ముందుకు వచ్చింది.

"కొట్టు."

కొట్టింది. ఖంగుమంది. భుజం దాకా జిల్లుమంది.

మళ్ళీ వేలితో తిప్పాడు. వెనక భాగం. కొట్టింది. గున్న ఊగింది, అంతే. ఆమెకు కొంచెం నవ్వొచ్చింది కూడా.

మళ్ళీ తిప్పాడు. ఎడమ పక్క వచ్చింది.

నవనీత సుత్తి ఎత్తింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది.

"కొట్టవే, చెయ్యి నొస్తలేదా?" అన్నాడు జోసెఫ్.

ఆమె పక్కకు ఒక అడుగు జరిగి, ఎడమ పక్కనే కొంచెం వెనగ్గా ఉన్న చోట గురిచూసుకుంది. ఉస్తాద్ గున్నను కూడా అంత మేరకే తిప్పాడు. మొదటి చోటే మళ్ళీ ఆమె ఎదురుగా వచ్చింది.

"అక్కడొద్దు ఉస్తాద్," అంది చిన్నగా.



మొన్న ఆ షెడ్డులోనే గున్నను లారీ టైరుకు గుద్దించి చూసింది నవనీత. డ్రమ్మును ఎడమ పక్క పట్టుకుని ఉండే ప్లేటు పగిలింది. వెంట్రుకంత పగులు. సరిగా చేయాలంటే డ్రమ్ము తీయాలి, బెల్టు తీయాలి, మోటారు తీయాలి. గ్రైండరుతో పగులును దాని మొదలు దాకా గీరేసి, లోపలి నుంచి వెల్డింగ్ నింపుకుంటూ రావాలి. ఆమె గ్రైండరు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు నేల మీద కూర్చుంది. అప్పటికి వేళ్ళు మడవడానికి కూడా రావడం లేదు. లేచి, పగులు మీదే ఒక వెల్డింగ్ కుట్టు వేసింది. నున్నగా గీకింది. రంగు వేసింది. రంగు వేశాక ఎక్కడ పగిలిందో తనకే కనబడలేదు.

"ఎందుకొద్దే?" అన్నాడు జోసెఫ్. ఈసారి గొంతులో నవ్వు లేదు.

ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"బరిలో దాని పక్కన కూసోని ప్లగ్గు పెట్టేది నేను గదా. ప్లగ్గు పెట్టంగనే కరెంటు వస్తది. డ్రమ్ము నా మొకానికి జానెడు దూరం ఉంటది. ఎందుకొద్దో నాకు చెప్పవా?"

దూరం నుంచి సాయంత్రపు అసర్ నమాజుకు అజాన్ వినబడింది. అజాన్ వింటే చేతిలో పని చేతిలోనే వదిలి వెళ్ళే మనిషి ఉస్తాద్. ఆ రోజు కదల్లేదు. గున్న ఊగకుండా ఒక అరచేయి ఆనించి నిలబడ్డాడు.

"ఈ ఒక్కసారికి పోనియ్ ఉస్తాద్," అంది నవనీత. "వచ్చినంక మొత్తం విప్పి చేస్త. ఒట్టు."

"నేనేమన్న వద్దన్ననా?"

"మరి పో అంటవా?"

"కొట్టినంక గదా చెప్పేది."

సుత్తి దించి పక్కన పెట్టేయవచ్చు. ఉస్తాద్ ఏమీ అనడని ఆమెకు తెలుసు. వ్యాన్ ఎక్కవచ్చు. ఏడాదంతా ఎదురుచూసిన పోటీ. ఆ ఒక్క చోట దెబ్బ తగలకపోతే గెలవనూ వచ్చు. ఎదుటివాళ్ళకు ఆ చోటు ఏం తెలుసు?

ఆమె నారింజ రంగు వంక చూసింది. ఎంత బాగా ఆరిందో.

కొట్టింది.

ఈసారి ఖంగుమనలేదు. కుండ పగిలినట్టు టప్పుమంది. రంగు మీద ఒక గీత లేచి, పైకి పాకి, ప్లేటు నోరు తెరిచింది. డ్రమ్ము ఎడమ వైపు ఒరిగి, ఏదో చిన్న ముక్క నేల మీద పడి దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది.

ఎవరూ దాన్ని తీయడానికి వంగలేదు.

జోసెఫ్ పగులు దగ్గరికి వచ్చి వేలు పెట్టి చూశాడు. ఆమె వైపు తిరిగి అడిగాడు. "అప్పుడు బ్యాటరీ పెట్టె సంగతి కూడ నీకు ముందే ఎరుకనా?"

నవనీత అవునన్నట్టు తల ఊపింది.

"ఇరుసు?"

ఆమె మళ్ళీ తల ఊపి, సుత్తి పట్టుకునే గోడ పక్కన కూలబడింది.

ఉస్తాద్ గున్న మీది నుంచి అరచేయి తీశాడు. రంగు అంటిందేమోనని లుంగీకి తుడుచుకున్నాడు. గోడకున్న టోపీ తీసి తలకు పెట్టుకుంటూ అన్నాడు.

"నన్నెందుకు అడిగినవ్ బిడ్డా ఇన్ని దినాలు. నీ చెయ్యికి ఎరుకనే ఉండె."

నమాజుకు వెళ్ళిపోయాడు.

జోసెఫ్ పుల్లీ వదిలి గున్నను నేలకు దించాడు. కొక్కేలు ఒక్కొక్కటీ విప్పాడు. డ్రమ్ము బోల్టులకు సరిపోయే పానా వెతుకుతూ, "ఎడమ పక్క నువ్వు విప్పు, కుడి పక్క నేను విప్పుత," అన్నాడు.

తిరిగి చూశాడు.

నవనీత గోడకు ఆనుకుని, సుత్తి ఒళ్ళోనే పెట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది.

ఉస్తాద్ తిరిగి వచ్చేసరికి వ్యాన్ కూడా వచ్చింది. ఇంకో జట్టు వాళ్ళు తమ పెట్టె ఎక్కించుకున్నారు. డ్రైవరు లోపలికి తొంగిచూసి, గున్న పళ్ళూ పొట్టా విప్పి పడి ఉండటం చూశాడు.

"లేపాల్నా ఉస్తాద్?" అన్నాడు జోసెఫ్. "ఈ పోటీ పోతే మల్ల ఏడాది దాకా లేదు."

ఉస్తాద్ వంగి ఆమె ఒళ్ళోంచి సుత్తి తీశాడు. చప్పుడు కాకుండా మూలన ఆనించాడు. ఫ్యాను ఆమె వైపు తిప్పాడు. గడప దాకా నడిచి, డ్రైవరు భుజం మీద చెయ్యి వేశాడు.

"పో," అన్నాడు. "హారన్ మాత్రం కొట్టకు."