కావలి దిగని కొండముచ్చు

మారేడుకోన అనే అడవిలో కొండముచ్చులు, దుప్పులు, ఒక చిరుతపులి ఉండేవి. నెమళ్ళూ అడవిపందులూ కూడా ఉండేవి గానీ వాటికి ఈ కథతో పెద్దగా పని లేదు.

కొండముచ్చులకూ దుప్పులకూ పాత స్నేహం. కొండముచ్చులు దేన్నీ పూర్తిగా తినవు కదా, సగం తిని సగం పారేస్తాయి. ఆ పారేసిన ఆకులూ కాయలూ దుప్పులకు. బదులుగా కింద దుప్పుల ముక్కు పనిచేసేది, పైన కొండముచ్చుల కన్ను పనిచేసేది. కోన మధ్యలో ఉన్న తాండ్ర చెట్టు చిటారు కొమ్మన ఎప్పుడూ ఒక కొండముచ్చు కావలి కూర్చునేది. చిరుత కనిపించగానే "ఖకర్! ఖకర్!" అని అరిచేది. అంతే, అందరూ కాళ్ళకు బుద్ధి చెప్పేవారు.

ఆ కావలికి ఒక కట్టుబాటు ఉంది. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా మూడు వంతులు. వంతు అయిపోయినవాళ్ళు నేరుగా వాగు దగ్గరికి పోయి, నీళ్ళ మీదికి వాలిన మద్దికొమ్మపై బోర్లా పడుకోవాలి. కొమ్మ మెల్లగా ఊగుతుంది, కింద నీళ్ళు గలగలమంటాయి. ఒక పూట అలా పడుకోనివాళ్ళు మళ్ళీ కావలి ఎక్కకూడదు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. కొండముచ్చుల మందకు పెద్దదైన బొల్లవ్వ మాత్రం దాన్ని గట్టిగా పట్టుకుంది.

మసిమూతి అనే కొండముచ్చుకు ఆ మద్దికొమ్మంటేనే అసహ్యం. పోయిన వేసవిలో అతను దాని మీద హాయిగా ఊగుతున్నప్పుడే చిరుత అతని భార్య మోదుగను ఎత్తుకుపోయింది. ఆ వేళ కావలి ఇంకొకరిది. వాళ్ళు అరిచారు కూడా. పాపం, మోదుగకు ఎక్కడానికి చెట్టు అందలేదు. కానీ మసిమూతి మనసు ఆ మాట ఒప్పుకోలేదు. "నేను పడుకున్నాను, అందుకే పోయింది" అని ఏడాదంతా కుమిలిపోయాడు.

ఈ వేసవి రాగానే తాండ్ర చెట్టు ఎక్కి, ఇక దిగనని కూర్చున్నాడు.

"వంతు అయిపోయింది, దిగరా నాయనా," అంది బొల్లవ్వ.

"మీ వంతులూ వద్దు, మీ కొమ్మా వద్దు. మీరు పోయి కునుకు తీయండి. నాలాగా కాపలా కాసేవాడు ఈ కోనలో ఎవడున్నాడు?"

తమ వంతు తప్పిందని మిగతా కొండముచ్చులు సంబరపడ్డాయి. దుప్పులైతే "మసిమూతన్న ఉండగా మనకేం భయం!" అని ఒకటే పొగడ్తలు. వాటిలో గోరంట అనే దుప్పికి పది రోజుల కూన ఉంది. ఆ తల్లి మరీ మరీ పొగిడింది. మసిమూతి పొంగిపోయాడు. పొంగిపోయినవాణ్ణి దింపడం ఎవరి తరం?

మూడు రోజులు బాగానే కాశాడు. పగలు లేదు, రాత్రి లేదు, కంటి మీద కునుకు లేదు. నాలుగో రోజుకు తల దిమ్మెక్కింది. ఎండుటాకు కదిలితే చిరుత అనుకుని అరిచాడు. నెమలి తోక కనిపిస్తే మళ్ళీ అరిచాడు. ఆ ఒక్క రోజే తొమ్మిదిసార్లు అరిచాడు. తొమ్మిదిసార్లూ దుప్పులు పడుతూ లేస్తూ పరుగెత్తాయి. ఆఖరిసారి గోరంట కూన రాళ్ళలో పడి కాలు బెణికించుకుంది.

బొల్లవ్వ మళ్ళీ వచ్చింది.

"కన్ను చూస్తే చాలదురా. చూసింది ఏమిటో మనసు చెప్పాలి. నీ మనసు అలిసిపోయింది. వాగు దగ్గర పడుకుని ఆ నీళ్ళ చప్పుడు విను. కొమ్మ ఊగితే నువ్వూ ఊగు. ఇంకేమీ చెయ్యొద్దు."

"అలా ఊగబట్టే నా మోదుగ పోయింది!" మసిమూతి పళ్ళు బయటపెట్టి గుర్రుమన్నాడు.

"మోదుగ పోయింది చిరుత వల్ల నాయనా, నీ నిద్ర వల్ల కాదు."

మసిమూతి ఆ మాట చెవిన పెట్టలేదు. "సరే, ఇక నుంచి బాగా చూసి, గట్టిగా తెలిశాకే అరుస్తాను" అన్నాడు. తను చేసిన తప్పుకు అదే మందు అనుకున్నాడు, వెర్రివాడు.

అతన్ని బలవంతంగా దింపే శక్తి ముసలిదానికి లేదు. మాట వినేవాళ్ళను వెంటబెట్టుకుని వాగు అవతలి గట్టుకు వెళ్ళిపోయింది. అక్కడ ఎప్పటిలాగే వంతులు పెట్టింది. దుప్పుల్లోనూ చాలావరకు వెళ్ళిపోయాయి. గోరంట వెళ్ళలేకపోయింది. కాలు బెణికిన కూన వాగు దాటలేదు కదా!

మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చిన వేళ గోరంట తాండ్ర చెట్టు కిందికి వచ్చింది.

"అన్నా, నీ మీదే భారం వేశాను. బిడ్డను గడ్డిలో పడుకోబెట్టాను. గుక్కెడు నీళ్ళు తాగి వస్తాను."

"వెళ్ళమ్మా. నా కన్ను మూతపడదు."

నిజంగానే మూతపడలేదు.

కాసేపటికి చిరుత వచ్చింది. పొదల చాటు కూడా చూసుకోకుండా పట్టపగలు నడుచుకుంటూ వచ్చింది. మసిమూతి దాన్ని చూశాడు. గడ్డిలో చుక్కల ఒళ్ళు ఒకటి కదులుతోంది. గోరంట తిరిగొచ్చింది అనుకున్నాడు. తల్లి బిడ్డ దగ్గరికి వెళ్తోంది కదా అని అతనికి కాస్త హాయిగా కూడా అనిపించింది.

కూన ఒక్కసారే అరిచింది.

గోరంట పరుగున వచ్చేసరికి గడ్డి నలిగి ఉంది. బిడ్డ లేదు. ఆ గడ్డిని వాసన చూసింది, మళ్ళీ చూసింది. తరువాత తల ఎత్తింది.

"నిద్రపోయావా అన్నా?"

"లేదు."

"మరి చూడలేదా?"

"చూశానమ్మా. నువ్వే అనుకున్నాను."

గోరంట వెనక్కి తిరిగింది. ఒంటరిగా వాగు దాటి వెళ్ళిపోయింది.

మసిమూతి ఎవరూ పిలవకుండానే చెట్టు దిగాడు. వాగు దగ్గరికి పోయి మద్దికొమ్మ మీద పడ్డాడు. బొల్లవ్వ వచ్చి పక్కన కూర్చుంది, ఒక్క మాట కూడా దెప్పలేదు. నీళ్ళు గలగలమన్నాయి. కొమ్మ ఊగింది. రెండు రోజులు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు. మూడో రోజు పొద్దున్నకు తలలో దిమ్ము దిగిపోయింది, మనసు తేటపడింది.

తేటపడిన మనసుకు అన్నిటికన్నా ముందు ఆ మధ్యాహ్నమే కనిపించింది. ఆ చుక్కల ఒళ్ళు తొందర లేకుండా నడుస్తోంది. పొడుగాటి తోక వెనక వేలాడుతోంది. దుప్పికి అంత తోక ఎక్కడుంటుంది? ఒక్క అరుపు అరిచేంత వ్యవధి ఉంది. నాలుగు అరుపులకు కూడా ఉంది. మసిమూతి కొమ్మను కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

అవతలి గట్టున ఆ ఏడు ఒక్క కూన కూడా పోలేదు. బొల్లవ్వ మసిమూతికి మళ్ళీ ఒక వంతు ఇచ్చింది. ఇప్పుడతను వంతు అయిపోగానే పిలవకముందే దిగుతాడు, వాగు దగ్గరికి వెళ్ళి పడుకుంటాడు. అతనంత బాగా కాచేవాళ్ళు ఆ మందలో లేరు. అతని వంతులో దుప్పులన్నీ నిశ్చింతగా గడ్డిలో పడుకుంటాయి.

గోరంట మాత్రం పడుకోదు. అతని వంతు అయిపోయేదాకా నిలబడే ఉంటుంది.

నీతి: మనసు అలిసిపోతే తెరిచిన కళ్ళు కూడా చూడలేవు, పదిమందిని కాపాడాలనుకునేవాడు ముందు తన మనసుకు విశ్రాంతి ఇవ్వాలి.