పేర్లు మోసిన వంతెన

అనగనగా ఒక రాజు. ఆ రాజు రాజ్యంలో ఒక ఏరు, ఆ ఏటికి ఒక గండి, ఆ గండికి అటూ ఇటూ ఊళ్లు. ఏరు పేరు వెండేరు. కొండను నిలువునా చీల్చుకుని పారేది. అంచున నిలబడి కిందికి చూస్తే కళ్లు తిరిగేవి. ఇవతలి గట్టున వడ్లు పండేవి, అవతలి గట్టున మందుచెట్లు పెరిగేవి. ఇవతల జ్వరమొస్తే మందు లేదు, అవతల ఆకలేస్తే మెతుకు లేదు. కేకేస్తే వినబడేంత దూరమే కానీ, చుట్టూ తిరిగి వెళ్లాలంటే పన్నెండు రోజుల నడక.

రాజు రణధీరుడు గండి మీద వంతెన కట్టించాడు. కూలిపోయింది. మళ్లీ కట్టించాడు. మళ్లీ కూలిపోయింది. మూడోసారీ కట్టించాడు. మూడోసారీ కూలిపోయింది. కూలినప్పుడల్లా పైన పనిచేసేవాళ్లు గండిలో పడిపోయారు. పడిన మరుక్షణం వాళ్ల పేర్లు కూడా ఎవరికీ గుర్తులేకుండా పోయాయి. కన్నతల్లికి సైతం గుర్తు రాలేదు.

ఇదంతా కపాలకేతు అనే మాంత్రికుడి పని. వాడు ఏటి ఏడో మలుపు దగ్గర, గండి గోడకున్న గుహలో ఉండేవాడు. వాడి ప్రాణం ఒక చిలుకలో ఉండేది. మాంత్రికులు ప్రాణం దాచుకోవడానికి చిలుక తప్ప ఇంకోటి దొరకదు కాబోలు!

రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తి దూసి వెళ్లాడు, గుహ ముందు బండరాయి అయిపోయాడు. నడిపివాడు బంగారం మూట పట్టుకెళ్లాడు, వాడూ అన్న పక్కన బండరాయి అయిపోయాడు. ఇక మిగిలింది చిన్నవాడు వీరమల్లు.

వీరమల్లుకు ఒక బెంగ ఉంది. రాళ్లు చెక్కే నాంచారమ్మ అంటే అతనికి ప్రాణం. ఆమెకూ అంతే. కానీ ఆ సీమలో పెళ్లిపీటల మీద పిల్లను కూర్చోబెట్టి, "ఎవరి బిడ్డ?" అని పెద్దలు మూడుసార్లు అడుగుతారు. తండ్రి పేరు చెప్పకపోతే తాళి కట్టనివ్వరు. నాంచారమ్మ తండ్రి మొదటి వంతెనతో పోయాడు. పేరూ పోయింది.

"మొగుడి పేరు పలకకూడదంటారు కదా నాయనా," అంది ఆమె తల్లి ఓబులమ్మ. "పన్నెండేళ్ల కాపురంలో ఒక్కసారీ పలకలేదు. ఇప్పుడు పలుకుదామంటే నోట్లో లేదు."

"వంతెన ఎందుకు నిలవడం లేదమ్మా?" అని అడిగాడు వీరమల్లు.

ఓబులమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మా పనిలో ఒక ఆనవాయితీ ఉంది. రాయి పెట్టేటప్పుడు దాని మీద చెయ్యేసి, 'నేను ఫలానా, నిన్ను నిలబెడుతున్నాను, నువ్వు నన్ను నిలబెట్టు' అంటాం. మీ నాయనగారు వద్దన్నారు. 'నా వంతెన మీద నా పేరొక్కటే వినబడాలి' అన్నారు. రాళ్లకు చెప్పని పేర్లన్నీ ఆ మాంత్రికుడు ఏరుకున్నాడు."

వీరమల్లుకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. అప్పుడే బయలుదేరాడు.

ఏడు సముద్రాలు దాటాడని చెప్పనా? అబద్ధం. ఏటికున్న ఏడు మలుపులు దాటాడు, అవే చాలు. ఏడో మలుపులో ఒక ఉడుము రాయి కింద ఇరుక్కుని గింజుకుంటోంది. అతను రాయి ఎత్తాడు.

"మీ అన్నలిద్దరూ నన్ను దాటుకుని పోయారు," అంది ఉడుము కోపంగా. "నువ్వు నయం. నా తోక పట్టుకో." ఉడుముపట్టు సంగతి మీకు తెలుసుగా! గోడ మీదికి పాకి అతన్ని గుహలో దించింది.

మాంత్రికుడు స్నానానికి వెళ్లాడు. పంజరంలో చిలుక ఉంది.

"మెడ విరిచెయ్, పీడ పోతుంది," అంది ఉడుము.

"విరువు," అంది చిలుక. "వాడు చస్తాడు. నాలో ఉన్న అరవై పేర్లూ చస్తాయి. అలా కాక, ఏది ఏ ఇంటివాడిదో కూడా చెబుతూ నేను వినిపించే పేర్లన్నీ నువ్వు తప్పు లేకుండా తిరిగి చెబితే నేను ఖాళీ అవుతాను. ఖాళీ చిలుకలో వాడి ప్రాణం నిలవదు. ఒక్కటి మరిచిపోయినా మళ్లీ మొదటికొస్తుంది."

మొదటిసారి ఇరవై దగ్గర మరిచిపోయాడు. రెండోసారి నలభై దగ్గర. మూడోసారి గులకరాళ్లు ఏరుకుని, ఒక్కో పేరుకు ఒక్కో రాయి పేర్చాడు. ఇది తిరపాలుది. ఇది యల్లమందది. ఇది గంగులుది. యాభైతొమ్మిది రాళ్లు నిలబడ్డాయి.

అప్పుడు మాంత్రికుడు గోడ పట్టుకుని తూలుతూ వచ్చాడు. "ఆ చివరి పేరు నాకు వదిలెయ్ బాబూ. మీ అన్నలిద్దరినీ ఇచ్చేస్తాను, వంతెనా నిలబెడతాను. చెప్పావో, వాళ్లు ఎప్పటికీ రాళ్లే. అరవైలో ఒక్కటి పోతే ఏం?"

వీరమల్లు అన్నల వంక చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్కరి పేరు పోతే ఏమని తన తండ్రి కూడా అనుకున్నాడు. అలా అరవై మంది పోయారు. అతను చివరి రాయి పెట్టి చివరి పేరు చెప్పాడు. ఆ పేరు నేనిప్పుడు చెప్పను. చెప్పాల్సిన మనిషి వేరే ఉంది.

మాంత్రికుడు గుప్పెడు బూడిద అయిపోయాడు. చిలుక ఎగిరిపోయింది. బండలు మాత్రం కదల్లేదు. వీరమల్లుకు ఏం తోచిందో, ఓబులమ్మ చెప్పినట్టే బండల మీద చెయ్యేసి అన్నల పేర్లు పిలిచాడు. ఇద్దరూ ఆవులిస్తూ లేచారు.

ఇంటికి రాగానే ఓబులమ్మ చెవిలో ఆ చివరి పేరు చెప్పి, తండ్రి దగ్గరికి వెళ్లాడు. "నాన్నగారూ, వంతెన మళ్లీ కట్టాలి. ఈసారి మీరూ ఒక రాయి మోయాలి."

రాజు మూడు రోజులు కోట గుమ్మం దాటలేదు. నాలుగో రోజు చెప్పుల్లేకుండా వచ్చి రాయి ఎత్తాడు, రొప్పుతూ పెట్టాడు. "నేను రణధీరుణ్ణి. నిన్ను నిలబెడుతున్నాను," అన్నాడు. మిగతాది అనలేక, "నన్ను క్షమించు," అన్నాడు. పోయిన అరవై మంది పేర్లనూ వీరమల్లు నోట విని, వాళ్ల వాళ్లు అరవై రాళ్లకు చెప్పారు. ఓబులమ్మ మాత్రం తన రాయికి గుసగుసగానే చెప్పింది. వంతెన నిలిచింది.

పెళ్లి వంతెన మీదే జరిగింది. "పిల్ల ఎవరి బిడ్డ?" అన్నారు పెద్దలు. ఓబులమ్మ తల వంచుకుంది. రెండోసారి అడిగారు. వీరమల్లు నోరు తెరవబోయి ఆగాడు. మూడోసారి అడిగారు. ఓబులమ్మ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసేసింది.

"కొండపోలయ్య బిడ్డ!" అంది. "నా మొగుడు కొండపోలయ్య బిడ్డ!"

గండి ఆ పేరును అటు గోడకూ ఇటు గోడకూ చాలాసేపు చెప్పింది.

వీరమల్లు, నాంచారమ్మ తల నెరిసేదాకా అన్నల ఒప్పుదలతో రాజ్యాన్ని చల్లగా ఏలారు. ఆ వంతెన ఎక్కేవాళ్లు ఈనాటికీ మొదటి రాయి మీద చెయ్యేసి, తమవాళ్లలో పోయినవాళ్ల పేరు ఒకటి చెప్పి మరీ దాటుతారు. కథ అవతలి గట్టు చేరింది, మనం ఇవతలే ఉన్నాం.