పట్టపుటేనుగు ధర పడిపోయిన రోజు

కొలనుపురం రాజు కీర్తిసింగరాజుకి ఆ వారం అన్నం సయించలేదు.

మిరియాల ఓడల్లో ఆయనకి వాటాలున్నాయి. వాటా ధర ఎంత పలుకుతోందో గంటకోసారి కోట గుమ్మంలో దండోరా వేయించుకోవడం ఆయన సరదా. ధర పెరిగినన్నాళ్లూ డప్పు వినపడితే చిందులేశాడు. ఇప్పుడు డప్పు వినపడితే దుప్పటి ముసుగేస్తున్నాడు.

"వంద వరహాల వాటా నలభైకి దిగిందయ్యా!" అన్నాడు ముసుగులోంచి.

"అమ్మేయండి ప్రభూ! రేపటికి నాలుగు కూడా రాదు," అన్నాడు కోశాధికారి దేవభట్టు. "నష్టం పూడ్చడానికి నేతపేట పొదుపు సంఘం పెట్టె తెప్పిద్దాం."

"సాయంత్రానికి రెండు పనులూ కానివ్వు."

పక్కన కూర్చుని రాజుగారికి తమలపాకు చిలకలు చుడుతున్న నేతపేట గంగులమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆ పెట్టెలో డబ్బు నేతపేట వాళ్లు వారం వారం వేసుకున్నది. ఎవరి మగ్గం విరిగినా, ఎవరి పిల్లకి జ్వరమొచ్చినా అందులోంచే ఇచ్చుకుంటారు. కురుస్తున్న ఇంటికప్పు కోసం ఆవిడ దాచుకున్నదీ అందులోనే.

ఆవిడ లేచి కోట గుమ్మం దగ్గరికి వెళ్లింది. దండోరా పోలయ్యకి రెండు చిలకలిచ్చి చెవిలో ఏదో చెప్పింది.

మధ్యాహ్నం డప్పు మోగింది.

"వినండహో! రాజుగారి పట్టపుటేనుగు ధర వెయ్యి వరహాలహో!"

రాజు ముసుగు తీశాడు. ఇంకో గంటకి, "ఆరొందలహో!" రాజు మంచం దిగాడు.

"మూడొందలహో! కొనేవాడే లేడహో!"

రాజు చెప్పుల్లేకుండా గజశాలకి పరుగెత్తాడు. వెనక దేవభట్టు, ఆ వెనక పళ్లెంతో గంగులమ్మ.

"ఏమైందిరా దీనికి? కుంటిదైందా? జబ్బు చేసిందా?"

"రెండు బండ్ల చెరకు తిన్నది ప్రభూ. ఇంకా అడుగుతోంది," అన్నాడు మావటి.

"అయినా అమ్మేయండి ప్రభూ!" అన్నాడు దేవభట్టు రొప్పుతూ. "రేపటికి మేక ధర కూడా రాదు. మీ మీద భక్తితో మా బావమరిది తీసుకుంటాడు. ఓడల వాటాలు కొంటానన్నదీ వాడే, పాపం!"

"నా ఏనుగుని నేనెందుకు అమ్ముతానయ్యా! ఎవడో కొననంటే దీని తొండం ఊడిందా?"

గంగులమ్మ వినయంగా ఒక చిలక అందించింది.

"మరి ఓడలకి చిల్లు పడిందా ప్రభూ?"

రాజు నమలడం ఆపాడు.

"లేదే! నిన్ననే రేవుకొచ్చాయి. మిరియాలు పొడిగానే ఉన్నాయి."

"వానకి సంతకి జనం రాలేదు, అంతే. చిల్లు పడి ఉంటే నేనే అమ్మేయమనేదాన్ని. చిల్లు లేని ఓడని అమ్మమనేవారూ, కొంటామనేవారూ ఒక్కింటి వాళ్లే ఎందుకయ్యారో, అది మాత్రం నాకు తెలియదు."

రాజు దేవభట్టు వైపు చూశాడు. ఏనుగు కూడా చూసింది.

అంతే, రాజు పకపకా నవ్వాడు. నోట్లో తాంబూలం కాస్తా దేవభట్టు కొత్త శాలువా మీద పడింది.

"ఏం కావాలో కోరుకో గంగులమ్మా!"

"మా పెట్టె నేతపేట దాటకూడదు. ఆ డప్పు అటకెక్కాలి ప్రభూ."

రాజు మెళ్లో హారం తీసి ఆవిడ పళ్లెంలో వేశాడు. "దేవభట్టూ! మీ బావమరిదికి భక్తి ఎక్కువ కదా. నెల్లాళ్లు దీని చెరకు వాడింటి నుంచే రావాలి!"

ఏనుగు ఆ చెరకు వచ్చేదాకా ఆగేలా కనిపించలేదు. తొండం చాచి దేవభట్టు తలపాగా లాగి, నమలడం మొదలుపెట్టింది.