చారలు తేలాక

చంతూకి అవ్వ మీద కోపంగా ఉంది. చెయ్యి తిరిగింది, చారలు తీరుగా తేలుతున్నాయి, అయినా యిన్ అవ్వ తనని సొంతంగా వైద్యం చెయ్యనివ్వదు. అడిగితే "చూద్దాంలే తల్లీ" అంటుంది.

ఈ గురుశిష్యులది కంబోడియాలో మెకాంగ్ నది ఒడ్డున ఒక ఊరు. అక్కడ ఒళ్లు బరువెక్కి, నొప్పులు పుట్టి, వణుకు వస్తే గాలి పట్టిందంటారు. వీపుకి తైలం రాసి నాణెం అంచుతో గీస్తారు. ఎర్రగా చారలు తేలితే లోపలి గాలి బయటికి పోయినట్టేనని వాళ్ల నమ్మకం.

సరిగ్గా పడవ పందేల ముందురోజు, ఊరి పడవకి చుక్కాని పట్టే సారున్‌కి గాలి పట్టింది. తెడ్లు వేసేవాళ్లు అతన్ని దాదాపు మోసుకొచ్చారు. వాళ్ల ఊరు పందెం గెలిచి ఎన్నేళ్లయిందో! సారున్ లేకపోతే పడవ నీళ్లలోకి దించడం కూడా దండగే.

"ఇవాళ నువ్వే గియ్యవే," అంది అవ్వ, పొయ్యి మీద జావ కలుపుతూ.

చంతూ ఊపిరి బిగబట్టి గీసింది. వెన్నుకి అటూ ఇటూ చేపముల్లులా చారలు తేలాయి, నేరేడుపండు రంగులో. అంత చక్కగా ఎప్పుడూ రాలేదు. ఇక ఆగలేకపోయింది. సారున్‌ని చొక్కా లేకుండానే అరుగు మీదికి నడిపించి, వీపు అందరివైపు తిప్పింది.

"చూడండి, ఎంత గాలి తీశానో!"

"అబ్బో, పులిచారలే!" అన్నాడొకడు. "సారున్ మావా, రేపు పడవెక్కుతావా, అడవికి పోతావా?"

అందరూ పకపకా నవ్వారు. సారున్ కూడా నవ్వబోయాడు. ఇంతలో నది మీంచి ఈదురుగాలి విసిరింది. అతని పళ్లు టకటకా కొట్టుకున్నాయి, మోకాళ్లు వంగిపోయాయి.

నవ్వులు ఆగిపోయాయి.

అవ్వ వచ్చింది. తిట్టలేదు. చారల వంక చూడనైనా లేదు. తన భుజం మీది గళ్ల కండువా సారున్‌కి కప్పి లోపలికి తీసుకెళ్లింది. తడిక సందుల్లోంచి గాలి కొడుతూనే ఉంది. ఆ సందులకి తన వీపు ఆనించి, అతనికి అడ్డంగా కూర్చుంది.

"అవ్వా, నేను గీసింది బాగాలేదా?"

"బాగుంది."

"మరి?"

అవ్వ లేచి, చంతూ చెయ్యి పట్టుకుని తన చోట కూర్చోబెట్టింది. చేతిలో అల్లం వేసిన వేడి జావ గిన్నె, గరిటె పెట్టింది.

"అతనికి చెమట పట్టేదాకా లేవకు."

బయటినుంచి ఎవరో పిలిచారు. "చంతూ, నాకూ భుజం పట్టేసింది, వచ్చి గియ్యవూ?"

చంతూ సగం లేచింది. అవ్వ చూసింది. చంతూ కూర్చుంది.

కాసేపటికి సారున్ మొదలెట్టాడు. "ఒళ్లంతా తైలం జిడ్డు. నదిలో ఒక్క మునక వేసొస్తానే..."

"కదిలావంటే ఈ గరిటె నీ నెత్తిన విరుగుతుంది!" అంది చంతూ.

పొయ్యి దగ్గర అవ్వ నవ్వుకుంది.

చంతూ వీపు మంచుముద్దయింది. నడుము లాగేసింది. అయినా గుక్క గుక్కగా జావ తాగిస్తూనే ఉంది. పొద్దు వాలుతుండగా సారున్ నుదుటి మీద చిన్న చెమట చుక్క మెరిసింది. తర్వాత ఇంకొకటి. ఆ పూట తేలిన చారల కన్నా ఆ చుక్కల్నే ఆమె ఎక్కువసేపు చూసింది. తడి తుడిచి, పొడి చొక్కా తొడిగి, అతను నిద్రపోయాక గానీ లేవలేదు.

మర్నాడు పందెంలో మలుపు దాకా ఊరి పడవా, పొరుగూరి పడవా సరిసమానంగా వచ్చాయి. మలుపులో సారున్ కాళ్లు తన్నిపెట్టి చుక్కాని ఒక్క పట్టు పట్టాడు. ఊరి పడవ బాణంలా ముందుకు దూసుకుపోయింది!

డప్పులు మోగాయి. తడిసి ముద్దయిన సారున్‌ని చొక్కా విప్పేసి భుజాలకెత్తుకున్నారు. ఆ వీపు చూడాలని జనం ఎగబడ్డారు. "ఎవరిదయ్యా ఆ చెయ్యి?" అని ఒకటే అడగడం.

ఆ చెయ్యి పొడి బట్టలతో, వేడి అల్లం నీళ్ల ముంతతో గుంపు వెనక నలిగిపోతోంది. "ముందు అతన్ని దించండయ్యా! ఒళ్లు తుడవనివ్వండి!" అని చంతూ అరుస్తోంది. డప్పుల హోరులో ఎవరికి వినబడుతుంది?

ఎన్నడూ గొంతు పెంచని యిన్ అవ్వ గట్టు మీద నిలబడి కేక పెట్టింది.

"దారివ్వండర్రా! వైద్యురాలు వస్తోంది!"