ఓబులవ్వ ఎక్కిన బండి

మా గురువుగారు నరహరి స్వామికి కూర్చుని జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరు ఏమడిగినా ముందు చెప్పులు తొడుక్కుంటారు. ఆశ్రమం జీపు తోలేవాణ్ణి కాబట్టి ఆ జవాబుల వెంట పోవడం నా వంతు. నా తోలుడు సంగతి మీరు వినే ఉంటారు. నేను మొదటి గేరు వేస్తే గుట్టలు తామే పక్కకు జరిగేవి. వరదలో వంక దాటుతుంటే చేపలు అద్దంలోంచి తొంగిచూసి దండం పెట్టి పోయాయి. నమ్మనివాళ్లు ఆ చేపల్నే అడగవచ్చు.

ఒక ఉదయం కోదండం అనే శిష్యుడు వచ్చాడు. ఎర్రవంకపల్లెలో టమోటా పండిస్తాడు. పసితనంలోనే తల్లి పోతే వాళ్ల అవ్వ ఓబులవ్వే పెంచింది. ఆ అవ్వకు తుంటి విరిగి అతుక్కుంది. వారంవారం టౌనుకు తీసుకుపోయి కాలికి వ్యాయామం చేయించకపోతే ఇక నడక ఉండదని డాక్టరు చెప్పాడు. పల్లె నుంచి తారురోడ్డు దాకా ఉన్నది బాట కాదు, ట్రాక్టరు చక్రాలు తవ్విన రెండు కాలువలు, నడుమ ఒక గట్టు. ఆటోలో ఒక్కసారి పోయొచ్చిన అవ్వ, "మళ్లీ ఎక్కమంటే నేరుగా మీ తాత దగ్గరికే పోతా" అని మంచమెక్కింది.

"స్వామీ, ఇంటిల్లిపాదీ పట్టే డీజిల్ బండి కొనాలి" అన్నాడు కోదండం. "బ్రోకరు రెండు పాత బండ్లు ఇచ్చి, ఒకరోజు నడిపి చూసుకోమన్నాడు. ఒకటి కిందికి ఉంటుంది, సీట్లు పరుపుల్లా ఉంటాయి, పైన అద్దం కూడా తెరుచుకుంటుంది. ఇంకోటి ఎత్తు, మొరటు. మైలేజీ రెండింటికీ ఒకటే. ఏది తీసుకోను?"

స్వామి చెప్పులు తొడుక్కున్నారు. "రెండూ అవ్వ దగ్గరికి పట్టుకురా."

స్వామీ నేనూ ఎర్రవంకపల్లె చేరేసరికి రెండు బండ్లూ అవ్వ ఇంటిముందు ఉన్నాయి. ముందురోజే వాన పడింది. కిందికి ఉన్న బండిలో అవ్వ తన మంచం మీద కూర్చున్నంత సులువుగా కూర్చుంది. తెరుచుకునే అద్దం చూసి, "ఎండుమిరపకాయలు ఆరబెట్టుకోవచ్చు" అని మెచ్చుకుంది. కోదండం మొహం వెలిగిపోయింది. స్టీరింగు నేనే పట్టాను. ఊరు దాటీ దాటకముందే బండి కడుపు నడిమి గట్టు మీద కూర్చుండిపోయింది. చక్రాలు గాలిలో తిరుగుతున్నాయి. అది నా తప్పు కాదు, నాలాంటి డ్రైవరును వదల్లేక భూమే పట్టుకుంది.

"ఏం సారథీ, రథం దిగబడిందా?" అంది అవ్వ వెనకనుంచి.

టమోటాలు కోసే కూలీలు వచ్చి నెడితే గానీ అది ఇంటిముందుకు రాలేదు.

ఎత్తు బండిని ముందు నేనొక్కణ్ణే తోలి చూశాను. గట్టు దాని కిందనుంచి మంచం కింద పిల్లిలా జారిపోయింది. కానీ అవ్వ ఎక్కాలి కదా! తలుపు పట్టుకుని కాలెత్తింది. సగం లేచేసరికి పెదవి కొరుక్కుని దించేసింది.

"ఇది బండా, మిద్దెనా? నిచ్చెన ఏదిరా?"

కోదండం ఇంట్లోకి ఉరికి ముక్కాలిపీట తెచ్చి వేశాడు. అవ్వ కాలు పెట్టగానే ఆ తడినేలలో పీట ఒరిగింది. నేనక్కడ లేకుంటే ఆమె పడిపోయేదే. మెరుపు నాకన్నా వెనకబడింది, నేను ముందు చేరి పట్టుకున్నాను.

అవ్వ నన్ను విడిపించుకుని చేతికర్ర ఊనుకుంది. "చాలు నాయనా. ఈ కాలు ఇట్లే పోనీ. నాకే బండీ వద్దు" అని ఇంటివైపు తిరిగింది.

కోదండం బ్రోకరు దగ్గరికి పోయేందుకని ఇస్త్రీ చేసిన తెల్లప్యాంటు వేసుకుని ఉన్నాడు. అవ్వ వీపు వైపు చూశాడు. గబగబా పోయి ఆమెను నడిపించుకొచ్చి, ఎత్తు బండి తలుపు దగ్గర బురదలో ఒక మోకాలు ఆనించి, రెండో తొడ మెట్టులా పెట్టాడు.

"ఎక్కు అవ్వా."

"ప్యాంటు రా!"

"ఎక్కు."

అవ్వ మనవడి తల మీద చేయి ఊని, తొడ మీద అడుగు పెట్టి, సీట్లో కూర్చుంది. ఊపిరి తీసుకుని కిందికి చూసింది. "అదేమంత బురద కాదులేరా. పసివాడప్పుడు నువ్వు నా చీరల మీద చేసినదానికి అదెంత?"

తారురోడ్డు దాకా తోలి వెనక్కి తెచ్చాను. గుడ్లు పొదిగే కోడి కూడా కదలనంత మెత్తగా తోలాను. అవ్వ మాత్రం, "వచ్చే వారం టౌనుకు మావాడే తోలతాడులే" అంది. ముసలివాళ్లకు అసలైన విద్య కనబడదు.

కోదండం మళ్లీ బురదలో మోకరిల్లి అవ్వను దింపాడు. లేచి ప్యాంటు దులుపుకుంటూ స్వామి దగ్గరికి వచ్చాడు. "ఇంతకీ ఏది కొనమంటారు స్వామీ?"

స్వామి అతని ప్యాంటును తీరిగ్గా చూశారు.

"బాటా వంగదు, అవ్వ కాలూ వంగదు" అన్నారు. "వంగేది ఒకటి ఇందాక కనిపించింది. అది ఏ బండికి పనికొచ్చిందో చూసుకో."